వాలిన మాట

నా రాతబల్ల మీద అద్దం కింద రెండు కరపత్రాలు ఉన్నవి. రెండూ ఒకే విషయాన్ని గురించినవి; రెంటినీ తెలుగు చేసినది నేనే. మొదటిది 2016లో అచ్చయింది, రెండవది ఆ మరుసటి సంవత్సరం. పైపైన చూసేవారికి వాటిలో భేదమేమీ కనిపించదు. అసలు తేడా ఒక్క వాక్యంలోనే ఉన్నది. అంతవరకు నేను సాగించిన అనువాద వ్యాసంగమంతా నాకు నేర్పని పాఠాన్ని ఆ ఒక్క వాక్యం నేర్పింది. ఇంగ్లీషు అచ్చులో తోటి అక్షరాల నడుమ కుడి పక్కకు ఒరిగి కనిపించే అక్షరం ఒకటున్నది గదా, దానినే ఇటాలిక్ అంటారు. ఈ కథకు మూలం ఆ అక్షరమే.

మాది రాయపూర్. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అప్పటికి ఈ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు దానికి రాజధాని అయింది. వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు - ఈ మూడింటి మధ్య పెరిగి, పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం చదివాను. తెలుగు అక్షరాలు మాత్రం మా అమ్మ దగ్గర, ఆమె దాచుకున్న పాత చందమామల దగ్గర నేర్చుకున్నవే.

2016 వర్షాకాలంలో, మా పేటలో ఉచిత వైద్యశిబిరం నడిపే డాక్టరుగారు ఒకరు రక్తపోటును గురించి ఇంగ్లీషులో ఒక కరపత్రం రాసి, ఇక్కడి తెలుగువారి కోసం దానిని అనువదించి పెట్టమని అడిగారు. ఒక్క పుట. ఉప్పు తగ్గించాలి, రోజూ నడవాలి, పొగాకు మానాలి - ఇటువంటి సూచనలు. వాటి నడుమ మాత్రలను గురించిన వాక్యం ఒకటి. మిగిలిన అక్షరాలన్నీ నిటారుగా ఉంటే, ఒంట్లో బాగున్నా సరే మాత్రలు మానకూడదని చెప్పే ఆ వాక్యం మాత్రం ఇటాలిక్‌లో ఉన్నది. నేను దానిని ఇలా తెలుగు చేశాను: "ఆరోగ్యము బాగున్నప్పటికీ వైద్యుని సలహా లేనిదే మాత్రలు నిలుపరాదు." వ్యాకరణం ప్రకారం చక్కని వాక్యమే. వ్రాతప్రతిలో దాని కింద ఒక గీత కూడా గీశాను. ప్రూఫులు దిద్దేవారి సంకేతాలలో ఒంటి గీతకు అర్థం, ఆ మాటలను ఇటాలిక్‌లో వేయమని.

అచ్చు పని ఇక్కడే ఒక చిన్న డి.టి.పి. దుకాణంలో జరిగింది. ఆపరేటరు ఛత్తీస్‌గఢీ కుర్రవాడు, తెలుగు రాదు. నేను గీత గీసిన వాక్యాన్ని అతడు కంప్యూటరులో ఒక్క మీట నొక్కి వాల్చాడు. తెర మీద దానిని చూసి, "దీదీ, మీ అక్షరాలు తాగి తూలుతున్నట్టున్నవి" అని హిందీలో నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. గుండ్రని అక్షరాలు కోడిగుడ్లయినవి. పైన ఉండే గుళ్ళు కుడికి జరిగి పక్క అక్షరం మీద పడుతున్నవి. కింద ఉండే ఒత్తులు ఎడమకు జరిగి వెనుక అక్షరం కాళ్ళ కింద దూరుతున్నవి. "నిలబెట్టు నాయనా" అన్నాను. వాక్యం నిలబడింది. కరపత్రం అచ్చయింది. ఆ వాక్యం పదింటిలో ఒకటై కలిసిపోయింది.

మా వెనుక వీధిలో ఒక మామ్మ ఉన్నది. భర్త ఇక్కడి రైల్వే వాగన్ల మరమ్మతు కర్మాగారంలో పనిచేసి, పదవీ విరమణ అయిన కొన్నాళ్ళకే పోయారు. ఊళ్ళో ఉండగా అయిదో తరగతి దాకా చదువుకున్నది. హిందీ మాట్లాడుతుంది గాని చదవలేదు. తెలుగు అచ్చు కనిపిస్తే మాత్రం పొట్లం కాగితాన్నైనా విడిచిపెట్టదు. నా కరపత్రాన్ని దేవుడి పటం పక్కన అతికించుకున్నది. ఆ చలికాలంలో ఒకనాటి తెల్లవారుజామున ఆమెకు ఎడమ చేయి పడిపోయింది. కబురు తెలిసి ఆసుపత్రికి వెళ్ళాను. నెలన్నరగా మాత్రలు వేసుకోవడం లేదని అక్కడ తెలిసింది. అదే కారణమై ఉండవచ్చునని వైద్యులు అన్నారు.

"ఎందుకు మానేశావు మామ్మా? కాగితంలో రాశాను గదా" అన్నాను.

"సదివినాను తల్లీ, నాలుగు పాళ్ళు సదివినాను. తల తిరగడం తగ్గిపోనాది, మరెందుకులే అనుకున్నాను. నువ్వు రాసినవన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఉప్పు తగ్గించమన్నావు, నడవమన్నావు, మాత్రలు ఆపొద్దన్నావు. అందులో పేనాల మీదికొచ్చే మాట ఏదో నాకెలా తెలుస్తాది?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట అన్నది, అంతే. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఇంగ్లీషు కరపత్రాన్ని మళ్ళీ ముందు పెట్టుకున్నాను. డాక్టరుగారు తన రాతలో ఏది ప్రాణం మీదికి వచ్చే మాటో చెప్పనే చెప్పారు. కాకపోతే మాటలతో కాదు, అక్షరాల వాలుతో చెప్పారు. నేను ఆయన మాటలన్నీ తెచ్చాను, వాలును అక్కడే వదిలేశాను. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నదానిని. ఇటాలిక్ అక్షరాన్ని వేలసార్లు చూసినదానిని. అయినా అది ఏమిటి, ఎక్కడిది, ఏ పని చేస్తుంది అని ఒక్కనాడైనా విచారించి ఎరుగను. ఆ విచారణ అప్పుడు మొదలుపెట్టాను.

ఇటాలిక్ అంటే నిటారు అక్షరాన్ని ఒక పక్కకు తోసినది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అది పొరపాటు. సంప్రదాయ పద్ధతిలో అచ్చయిన ఒక మంచి ఇంగ్లీషు పుస్తకం తెరిచి పోల్చి చూడండి. నిటారు అక్షరాల కొసలలో, గోడకు పునాదిలాగా, చిన్న అడ్డగీతలు ఉంటవి. వాటిని సెరిఫులు అంటారు. ఇటాలిక్‌లో అవి ఆ విధంగా ఉండవు. కలం కాగితాన్ని తాకేటప్పుడు, విడిచేటప్పుడు ఏర్పడే చిన్న కొక్కేలలాగా, ముందు అక్షరం నుంచి వచ్చి తరువాతి అక్షరం వైపు సాగుతుంటవి. నిటారు వరుసలో చిన్న బడి 'ఎ' రెండంతస్తుల మేడలాగా ఉంటే, ఇటాలిక్‌లో అదే అక్షరం ఒంటి అంతస్తు ఇల్లు. 'ఎఫ్' అక్షరం నిటారుగా ఉన్నప్పుడు గీత మీద నిలుస్తుంది. ఇటాలిక్‌లో తోక సాచి గీత కిందికి దిగుతుంది. అక్షరాల వెడల్పు తగ్గుతుంది. వాలు సాధారణంగా 5 నుంచి 20 డిగ్రీల లోపు. అంటే వాలు ఒక లక్షణం మాత్రమే. అసలు రూపమే వేరు. నిటారు అక్షరం చెక్కినట్లుంటుంది, ఇటాలిక్ రాసినట్లుంటుంది.

రాసినట్లుండడానికి కారణం, అది పుట్టినది చేతిరాతలో నుంచే. 15వ శతాబ్దపు ఫ్లారెన్సు నగరంలో నికోలో నికోలి అనే పండితుడు ఉండేవాడు. ప్రాచీన లాటిన్ గ్రంథాలను సంపాదించి, స్వయంగా ప్రతులు రాసుకోవడం ఆయన వ్యసనం. వేగంగా రాయడం కోసం కలాన్ని తరచుగా ఎత్తకుండా, కాస్త వాలుగా, అక్షరాలను కలుపుతూ రాసేవాడు. ఆ రాత పండితులకు నచ్చింది, కార్యాలయాలకూ పాకింది. 1437లో ఆయన మరణించేనాటికి ఐరోపాలో ఇంకా అచ్చు పుస్తకం పుట్టలేదు.

తరువాత వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు ఆ చేతిరాతను సీసపు అక్షరాలలోకి దించాలని తలపెట్టాడు. ఆ పని చేసి పెట్టినవాడు బొలోన్యా పట్టణపు కంసాలి పనివాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. 1500లో ఒక పుస్తకంలోని బొమ్మలో కొద్ది మాటలుగా అది మొదట కనిపించింది. 1501లో వర్జిల్ కావ్యాలు సాంతం ఆ అక్షరాలతోనే, చేతిలో ఇమిడే చిన్న సైజులో వెలువడినవి. ఆ రోజులలో పెద్దక్షరాలు మాత్రం నిటారుగానే ఉండేవి. వాటిని కూడా వాల్చడం తరువాతి దశాబ్దాలలో వచ్చింది. ఇటలీలో పుట్టినది గనుక ఇతర దేశాలవారు ఇటాలిక్ అన్నారు. ఇటలీవారు మాత్రం దానిని 'పరుగెత్తే అక్షరం' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఆ పుస్తకం ముందుమాటలో గ్రిఫో పనితనాన్ని ఆల్డస్ మెచ్చుకున్నాడు. కాని ఆ అక్షరాలపై ప్రత్యేక హక్కును వెనిస్ ప్రభుత్వం ఆల్డస్‌కు ఇచ్చింది, చెక్కినవానికి కాదు. ఇద్దరికీ చెడింది. 1503 నాటికి గ్రిఫో వేరొక ముద్రాపకుని వద్దకు వెళ్ళిపోయాడు. ఫ్రాన్సులోని లియోన్ నగర ముద్రాపకులు మాత్రం ఏ హక్కునూ లెక్కచేయక ఆ అక్షరాలను అనుకరించి దొంగ ముద్రణలు వేసుకున్నారు. పుస్తకం మీద ఒకరి పేరు, పుస్తకంలో మరొకరి చేయి - అనువాదకురాలిని గనుక ఈ కథ నా మనసుకు పట్టింది.

మొదట ఇటాలిక్ ఎవరికీ తోడు కాదు. పుస్తకం ఆసాంతం తానే నడిచేది. 16వ శతాబ్దం గడిచేకొద్దీ అది నిటారు అక్షరానికి తోడుగా మారి, ఒకే పుటలో రెండూ కలిసి ఉండడం మొదలైంది. అప్పటి నుంచి దాని పని, మిగిలిన వాటికంటె వేరుగా కనిపించడం. ఇరవయ్యవ శతాబ్దంలో స్టాన్లీ మోరిసన్ అనే ఇంగ్లీషు నిపుణుడు, తోడుగా ఉండేదానికి ఇంత వేరు రూపం ఎందుకు, నిటారు అక్షరాన్నే వాల్చితే చాలదా అని 1926లో వాదించాడు. కాని ఆయన పర్యవేక్షణలోనే తయారై, 1932 అక్టోబరు 3న లండన్ టైమ్స్ పత్రికలో మొదటిసారి కనిపించి, ఈనాడు మన కంప్యూటర్లన్నిటిలో ఉన్న టైమ్స్ న్యూ రోమన్‌కు కూడా ఇటాలిక్ సంప్రదాయ రూపంలోనే ఏర్పడింది. కలం జాడ అంత తేలికగా చెరగలేదు.

దాని ఉపయోగాలు ముఖ్యంగా నాలుగు. పుస్తకాల పేర్లు, పత్రికల పేర్లు, ఓడల పేర్లు దానిలో వేస్తారు. పరభాషా పదాలను వేస్తారు. జంతువుల, మొక్కల శాస్త్రీయ నామాలు వేయడం ఆనవాయితీ. నాలుగవది, మాట్లాడేటప్పుడు మనం ఒత్తి పలికే మాట. జె.డి. శాలింజర్ వంటి రచయితలు సంభాషణలలో మాట మొత్తాన్ని కాక, ఒత్తి పలికే భాగాన్ని మాత్రమే వాల్చిన సందర్భాలు ఉన్నవి. అంటే అక్కడ ఇటాలిక్ కంటికి కాదు, చెవికి.

మరి తెలుగులో ఈ పనులను ఏది చేస్తుంది? తెలుగు అచ్చుకు రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నా, మన చేతిరాతలో నుంచి ఇటాలిక్ వంటి జంట అక్షరం ఏదీ రూపొంది స్థిరపడలేదు. ఈనాడు ఉచితంగా దొరికే మండలి, సురన్న, రామభద్ర, ధూర్జటి వంటి ఫాంట్లకు కూడా విడిగా ఇటాలిక్ లేదు. కంప్యూటరు మీట నొక్కితే జరిగేది తోపు మాత్రమే. మా కుర్రవాడు నవ్వినది దానిని చూసే. ఇది మనకు మాత్రమే ఉన్న లోటు కాదు. జర్మన్లు తమ పాత మోటు అక్షరాలలో పుస్తకాలు వేసిన కాలంలో, ఒత్తి చెప్పవలసిన మాటలో అక్షరాల మధ్య ఎడం పెంచి సరిపెట్టుకునేవారు.

లోటు అని ముందు బాధపడ్డాను. తరువాత, ఇంగ్లీషు అక్షరం చేసే పనిని తెలుగులో ప్రత్యయమే చేస్తున్నదని ఒక్కటొక్కటిగా తెలిసివచ్చింది. పుస్తకం పేరు చెప్పాలంటే 'అనే' అన్న మాట ఉన్నది. ఎవరో అన్నమాట చెప్పాలంటే, కొటేషన్ గుర్తులు లేని తాటాకుల కాలం నుంచీ 'అని' ఉన్నది. పరాయి మాటను వేరుచేసి చూపడానికి బదులు, చివర ఒక ఉకారం తగిలించి రైలు, బస్సు, పెన్ను అని ఇంటిలోకి పిలుచుకుంటాం. శాస్త్రీయ నామం దగ్గర మాత్రం ఇబ్బంది పడుతుంటాను. మా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రవృక్షం సాల. దాని శాస్త్రీయ నామం 'షోరియా రోబస్టా'. మన సామర్లకోటలో వృక్షపరిశోధన సాగించిన రాక్స్‌బర్గ్ దొర, గవర్నర్ జనరల్ జాన్ షోర్ పేరు మీద ఆ వంశానికి పెట్టిన పేరు. దానిని తెలుగు లిపిలో రాసేటప్పుడు కొటేషన్ గుర్తులే దిక్కు.

ఇక ఒత్తి పలికే మాట. "రాముడు నిన్న వచ్చాడు" అనే వాక్యం తీసుకోండి. ఇంగ్లీషులో ఏ మాటను వాల్చితే ఆ మాట మీద భారం పడుతుంది. మనకు ఒక్క ఏత్వం చాలు. "రాముడే నిన్న వచ్చాడు" అంటే వేరొకడు కాదని. "రాముడు నిన్ననే వచ్చాడు" అంటే ఇవాళ కాదని. "రాముడు నిన్న రానే వచ్చాడు" అంటే, రాడేమోనని సందేహించినవారికి సమాధానం. మా అమ్మ రోజుకు వందసార్లు వాడిన ఏత్వమిది. ఇంగ్లీషు వాలును తెలుగులో ఏ అక్షరంతో చూపాలా అని డి.టి.పి. దుకాణంలో వెతికాను గాని, మా వంటింట్లో వెతకలేదు.

మరుసటి ఏడాది కరపత్రం మళ్ళీ వేయవలసి వచ్చినప్పుడు, ఆ వాక్యాన్ని తిరిగి రాశాను: "తల తిరగకపోయినా, నొప్పి లేకపోయినా, ఒంట్లో ఎంత బాగున్నా సరే, డాక్టరు చెప్పనిదే మాత్రలు ఆపనే ఆపకూడదు." మిగిలిన సూచనల నుంచి విడదీసి, అన్నిటికంటె పైన వేయించాను.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. తల తిరగడం, నొప్పి - ఈ మాటలు మూలంలో లేవు. అవి మామ్మ నోటి నుంచి నేను విన్న అనుభవం. అనువాదకురాలు సొంత మాట చేర్చవచ్చునా? ఇటాలిక్ చరిత్ర చదువుతున్నప్పుడు దీనికి కూడా ఒక ఉదాహరణ దొరికింది. 1560లో జెనీవాలో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో, మూలంలో లేకపోయినా అర్థం కుదరడం కోసం తాము చేర్చిన మాటలను అనువాదకులు ఇటాలిక్‌లో వేశారు. ఇది మూలం, ఇది మా చేర్పు అని పాఠకునికి పుట పుటలోనూ ఒప్పుకున్నారన్న మాట. 1611 నాటి రాజముద్రణ బైబిలు నల్లని గోథిక్ అక్షరాలలో వచ్చినది గనుక, దానిలో చేర్పులకు చిన్న రోమన్ అక్షరాలు వాడారు. తరువాతి ముద్రణలలో అవీ ఇటాలిక్ అయినవి. విచిత్రమేమిటంటే, ఇటాలిక్ అంటే ఒత్తి పలకాలని అలవాటుపడినవారికి, ఆ చేర్పు మాటలే ముఖ్యమైనవిగా తోచే ప్రమాదం ఉన్నది. నిజాయితీకోసం పెట్టిన గుర్తు సైతం, దాని అర్థం తెలియనివారిని దారి తప్పించగలదు.

నాకు వాల్చే అక్షరం లేదు. అందుచేత డాక్టరుగారి వద్దకే వెళ్ళి, ఇవి మీ మాటలు, ఇవి నేను చేర్చినవి అని వేలు పెట్టి చూపించాను. మొదటి కరపత్రంలో నేను చేసిన పొరపాటును కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత తన ఇంగ్లీషు ప్రతి తీసి, ఆ రెండు మాటలను దానిలో కూడా రాసుకున్నారు.

మామ్మ కోలుకున్నది, ఎడమ చేయి మాత్రం పూర్తిగా స్వాధీనం కాలేదు. కొత్త కరపత్రం ఇవ్వడానికి వెళ్ళిననాడు, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకొని, కుడి చేత్తో కాగితం పట్టుకొని, కూడబలుక్కుంటూ పైకి చదివింది. 'ఆపనే' అన్నచోట ఒక్క క్షణం ఆగి, ఆ మాటను ఒత్తి పలికింది. అచ్చులో అక్షరాలన్నీ నిటారుగానే ఉన్నవి.

"ఇప్పుడు సెప్పినావు తల్లీ" అన్నది.

పాత కరపత్రాన్ని గోడ మీద నుంచి నేనే ఊడదీసి తెచ్చుకున్నాను. అందుకే నా బల్ల మీద అద్దం కింద రెండూ పక్కపక్కనే ఉన్నవి. కొత్త పుస్తకం అనువాదానికి వచ్చినప్పుడల్లా, మొదట దానిలో వాలిన మాటలన్నిటి కింద పెన్సిలుతో ఒక గీత గీసుకుంటాను. ఆ గీత ఇప్పుడు ఆపరేటరు కోసం కాదు, నా కోసం.